వ్యాపార సంస్థల సంఘంలో నైపుణ్య విధానం ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా ఒక వృత్తి శిక్షణ సంస్థలో ఎలక్ట్రికల్ ట్రేడ్ చెబుతున్నాను. మా దగ్గర చదివిన పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు రావడం లేదో, వచ్చినవాళ్లు ఆర్నెల్లు తిరక్కుండానే ఎందుకు మానేస్తున్నారో వివరిస్తూ ఒక నివేదిక రాశాను. అది చూసి, పెద్ద వ్యాపార సంస్థల సంఘం ఒకటి తమ ఉపాధి, నైపుణ్యాల విధాన బృందంలో చేరమంటోంది. జీతం ఇప్పటికన్నా బాగా ఎక్కువ. కార్మిక సంఘంలో పనిచేసే నా స్నేహితురాలు మాత్రం "యాజమాన్యాల పల్లకీ మోయడానికి పోతున్నావా?" అంది. ఆ మాట గుచ్చుకుంది. అక్కడ రోజూ చేసే పని ఏమిటి? పరిశ్రమలవాళ్లు ఎప్పుడూ అనే "నైపుణ్యాల కొరత" నిజమా, సాకా? అక్కడ నా మాటకు విలువ ఉంటుందా? రెండు మూడేళ్లయ్యాక వెనక్కి రావాలనిపిస్తే దారి ఉంటుందా? పది రోజుల్లో జవాబు చెప్పాలి.
ఒక పాఠకురాలు

సమాధానం: మీ స్నేహితురాలు అన్నదాంట్లో అబద్ధం లేదు. జీతం వచ్చేది సభ్య సంస్థలు కట్టే చందాల్లోంచి. ప్రభుత్వం ఏదైనా చట్టం తలపెడితే దాన్ని ఆ సంస్థలకు వీలైనంత అనుకూలంగా మలచడానికే మిమ్మల్ని పెట్టుకుంటున్నారు. ఈ సంగతి ఒప్పుకోకుండా వెళ్తే మొదటి నెలలోనే మనసు విరిగిపోతుంది. అయితే ఆమెకు కనిపించనిది ఒకటుంది. ఆ పల్లకీలో కూర్చున్నవాళ్లు ఒక్కరు కాదు, వందల మంది, తలా ఒక ఊరి పేరు చెబుతుంటారు. కొంతకాలం ఇలాంటి బృందంలో పనిచేసి, తర్వాత బల్లకు అవతలివైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ బృందానికి ప్రభుత్వంతో ఉండే పేచీ చిన్నది. అసలు పెనుగులాటంతా సొంత సభ్యులతోనే. కాబట్టి చేరే ముందు మీరు తేల్చుకోవాల్సింది, ఆ బృందం తన సభ్యులకు చేదు మాట చెప్పగలదా అన్నదే. చెప్పగలదనిపిస్తే వెళ్లండి. చెప్పలేదనిపిస్తే జీతం రెట్టింపైనా వద్దనే అంటాను.

ముందు ఒక చిన్న తేడా తెలుసుకోండి, ఎందుకంటే "వ్యాపార సంస్థల సంఘం" అనే పేరు కింద రకరకాల దుకాణాలున్నాయి. జర్మనీలో పన్నులు, వాణిజ్యం వంటివి చూసే పరిశ్రమల సమాఖ్య బీడీఐ ఒకటి, జీతాలు, కార్మిక చట్టాలు చూసే యాజమాన్యాల సమాఖ్య బీడీఏ ఇంకొకటి. బ్రిటన్‌లో 1965లో మూడు పాత సంఘాలు కలిసి ఏర్పడిన సీబీఐ (అక్కడి పరిశ్రమల సమాఖ్య, మన దర్యాప్తు సంస్థ కాదు) ఈ రెండు పనులూ ఒకే గొడుగు కింద చేస్తుంది. ఇవి కాక చాంబర్లు అనే వాణిజ్య మండళ్లు, ఒక్కో రంగానికి ఒక్కో సంఘం, చిన్న వ్యాపారుల సమాఖ్యలు వేరే. మిమ్మల్ని పిలిచినది ఏ రకమో చూసుకోండి. కార్మిక సంఘాలతో ఒకే బల్ల దగ్గర కూర్చునే అలవాటున్న సంస్థకూ, మంత్రి కార్యాలయానికి ఉత్తరాలు రాయడమే తెలిసిన సంస్థకూ పని వాతావరణంలో చాలా తేడా ఉంటుంది.

ఆ బల్ల పాతదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టినప్పటి నుంచీ ప్రతి దేశం దాని వార్షిక సదస్సుకు నలుగురు ప్రతినిధులను పంపుతుంది. ఇద్దరు ప్రభుత్వం తరఫున, ఒకరు యాజమాన్యాల తరఫున, ఒకరు కార్మికుల తరఫున. అప్రెంటిస్‌షిప్‌లు ఎలా ఉండాలో చెప్పే 208వ నంబరు సిఫార్సు 2023లో ఈ మూడు పక్షాలూ కూర్చుని, పదం పదం మీద వాదులాడుకున్నాకే వచ్చింది. అంటే యాజమాన్యాల తరఫున మాట్లాడటం దొడ్డిదారి వ్యవహారం కానక్కర్లేదు, అధికారికంగా కుర్చీ వేసి పిలిచే చోట్లు కూడా ఉన్నాయి. మిగతాది ఫోన్లలో, కారిడార్లలో, "ఒకసారి కలుద్దాం సార్" అనే సమావేశాల్లో నడుస్తుంది. అక్కడే వెలుతురు తక్కువ. అమెరికాలో లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలను తమవైపు తిప్పుకునే ప్రయత్నం) వివరాలు బయటపెట్టాలని 1995లోనే చట్టం వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2011లో లాబీయింగ్ చేసేవాళ్ల ఉమ్మడి రిజిస్టరు తెచ్చింది. బ్రిటన్ 2014లో తెచ్చిన చట్టం మాత్రం ఇతరుల కోసం డబ్బు తీసుకుని లాబీయింగ్ చేసే కన్సల్టెంట్లకే వర్తిస్తుంది. సంఘంలోనే నౌకరీ చేస్తూ అదే పని చేసేవాళ్లు ఆ రిజిస్టరులో పేరు రాయించుకోనక్కర్లేదు. మీరు చేరబోయే చోట రూలు ఏమిటో తెలుసుకోండి. రూలు లేకపోతే, ఎవరిని ఎప్పుడు కలిశారో, ఏం ఇచ్చారో మీరే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇక రోజువారీ పని. ఎక్కువ భాగం రాయడమే. ప్రభుత్వం ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది, గడువు ఇస్తుంది. మీరు సభ్యులందరికీ ఈమెయిల్ పెడతారు. నూటికి తొంభై మంది చదవరు. చదివినవాళ్లలో కొందరు ఫోన్ చేస్తారు, కొందరు తమ లాయర్ చేత రాయించి పంపుతారు. మీరు వాటిని ఒక్క మాటగా కుదర్చాలి. ఆ కుదర్చడంలో ఏం జరుగుతుందో ఒక వాక్యం పట్టుకుని చూద్దాం.

అప్రెంటిస్‌లకు ఇచ్చే స్టైపెండ్ పెంచాలని ప్రభుత్వం ప్రతిపాదించిందనుకోండి. మీరు తొమ్మిదేళ్లు పిల్లలను చూసినవారు, బస్సు చార్జీలకే చాలక మధ్యలో మానేసినవాళ్ల పేర్లు మీకు తెలుసు. కాబట్టి మొదటి ముసాయిదాలో ఇలా రాస్తారు: "స్టైపెండ్ పెంపును సమర్థిస్తున్నాం. మధ్యలో మానేసేవారి సంఖ్య తగ్గితే సంస్థలకే లాభం." అది సభ్యుల కమిటీకి వెళ్తుంది. పెద్ద తయారీ సంస్థ ప్రతినిధికి అభ్యంతరం ఉండదు, వాళ్లు ఇప్పటికే అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారు. పైగా పోటీదారుకు ఖర్చు పెరిగితే వాళ్లకు లోపల సంతోషమే. చిన్న వర్క్‌షాపుల తరఫున వచ్చినాయన మాత్రం "మేం ఇద్దరిని పెట్టుకునే చోట ఒకరినే పెట్టుకోవాల్సి వస్తుంది" అంటాడు. అతను చెప్పేదీ అబద్ధం కాదు. రెండో ముసాయిదా: "పెంపును సూత్రప్రాయంగా స్వాగతిస్తున్నాం. చిన్న సంస్థలకు దశలవారీగా అమలు చేయాలి." అప్పుడు మనుషులను కాంట్రాక్టు మీద సరఫరా చేసే ఏజెన్సీ ప్రతినిధి గొంతు సవరించుకుంటాడు. అతని దగ్గర అప్రెంటిస్ పేరుతో పనిచేస్తున్నవాళ్లు నిజానికి పూర్తిస్థాయి పనివాళ్లు. అతను ఆ ముక్క పైకి అనడు. "మార్కెట్ పరిస్థితులు కూడా చూడాలి కదండీ" అని ఊరుకుంటాడు. మూడో ముసాయిదా: "పెంపు విషయంలో మార్కెట్ పరిస్థితులనూ, సంస్థల పరిమాణాన్నీ దృష్టిలో ఉంచుకుని తగిన వెసులుబాటు కల్పించాలి."

బయటికి వెళ్లేది ఈ మూడోదే. అది చదివిన ప్రభుత్వ అధికారి "వీళ్లు వద్దంటున్నారు" అని అర్థం చేసుకుంటాడు. సరిగ్గానే అర్థం చేసుకుంటాడు. ఎక్కువ మంది సభ్యులకు పెద్ద అభ్యంతరం లేని ప్రతిపాదన, ఒక్కరి గొంతు సవరింపుతో వ్యతిరేకతగా మారిపోయింది. మంచి బృందం అయితే రెండో ముసాయిదా దగ్గర కాలు అడ్డం పెడుతుంది. ఆ ఏజెన్సీ ప్రతినిధిని పక్కకు పిలిచి, "మీ పద్ధతిని మేం కాపాడలేం, రేపు పత్రికల్లో వస్తే సంఘం మొత్తానికి మచ్చ" అని చెప్పే డైరెక్టర్ అక్కడ ఉంటాడు. బలహీనమైన బృందంలో ఆ డైరెక్టర్ ఏజెన్సీ చందా ఎంతో ముందు లెక్కేసుకుంటాడు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. నైపుణ్యాల కొరత నిజమా, సాకా? రెండూ. ఏది ఎంత అన్నది ప్రశ్న అడిగే పద్ధతిలో ఉంటుంది. ఈ బృందాలన్నీ ఏటా సర్వే చేస్తాయి. దాని మీదే పత్రికా ప్రకటన, మంత్రికిచ్చే స్లయిడ్లు, టీవీ చర్చలో చెప్పే శాతం. ఆ సర్వేలో సాధారణంగా ఉండే ప్రశ్న: "తగిన నైపుణ్యం ఉన్నవారు దొరకడం మీకు కష్టంగా ఉందా?" దీనికి "లేదండీ, ఇట్టే దొరుకుతున్నారు" అని చెప్పే యజమానిని నేను చూడలేదు. పైగా కష్టంగా ఉన్నవాళ్లే ఓపిక చేసుకుని ఫారం నింపుతారు. మూడు వేల మంది సభ్యులున్న సంఘంలో రెండు వందల మంది జవాబిచ్చి, వాళ్లలో నూట నలభై మంది "కష్టమే" అన్నారనుకుందాం. మర్నాడు శీర్షిక, "70 శాతం సంస్థలకు నైపుణ్యాల కొరత". నూట నలభై మంది కాస్తా 70 శాతమై కూర్చున్నారు. మిగతా రెండు వేల ఎనిమిది వందల మంది ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియదు.

మీరు వెళ్తే అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఆ ఖాళీ ఎన్ని వారాలుగా ఉంది? ఎంత జీతం ఇస్తామన్నారు? ఎవరూ రాకపోతే జీతం పెంచి చూశారా? ఏ షిఫ్టు? పని చోటికి బస్సు ఉందా? వచ్చిన అభ్యర్థి ఫెయిలైంది ఏ పరీక్షలో, వైరింగ్ డ్రాయింగ్ చదవలేకనా, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇవ్వలేకనా? గత ఏడాది మీరే శిక్షణ ఇచ్చిన వాళ్లు ఎంతమంది, వాళ్లలో ఇంకా ఉన్నది ఎంతమంది? ఈ ప్రశ్నలు వేస్తే కొరత అనే ఒక్క మాట నాలుగు ముక్కలవుతుంది. కొన్ని పనులకు మనుషులు నిజంగానే లేరు, ఎంత ఇచ్చినా దొరకరు, ఎందుకంటే ఆ విద్య నేర్పేచోటే లేదు. కొన్నింటికి మనుషులున్నారు, ఆ జీతానికి రారు. కొన్నింటికి నేర్చినవాళ్లున్నారు గానీ ఆ ఊళ్లో లేరు. ఇంకొన్నింటికి అసలు నైపుణ్యంతో పనే లేదు, నియామకం చేసేవాళ్లు అక్కర్లేని డిగ్రీ అడుగుతున్నారు. మొదటిదానికి మందు శిక్షణ. రెండోదానికి జీతం. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి "ప్రభుత్వం శిక్షణకు నిధులివ్వాలి" అంటే, జీతం పెంచాల్సిన సంస్థ ఖర్చును పన్ను కట్టేవాళ్ల మీదికి నెట్టినట్టే. "మా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆర్నెల్లకే మానేస్తున్నారు" అని మీ నివేదికలో రాసింది సరిగ్గా ఈ సంగతే. ఆ సంఘానికి మీరు కావాల్సింది దీనికోసమేనా అన్నది వాళ్లనే అడగాలి.

ఈ నిధుల గొడవ మీ రోజుల్లో సగం తినేస్తుంది కాబట్టి దాని వెనక ఉన్న చిక్కు కాస్త వివరంగా చెబుతాను. గ్యారీ బెకర్ అనే అర్థశాస్త్రవేత్త 1960లలోనే దీన్ని విడమర్చి చెప్పాడు. ఒక సంస్థకు మాత్రమే పనికొచ్చే విద్యకు ఆ సంస్థ ఖర్చు పెడుతుంది. ఎక్కడైనా పనికొచ్చే విద్యకు పెట్టదు, ఎందుకంటే నేర్చుకున్నవాడు రేపు పక్క సంస్థకు పోతాడు. అందుకే ప్రతి సంస్థా నేర్చినవాళ్లు కావాలంటుంది, నేర్పే పని పక్కవాడు చేస్తే బాగుండునని చూస్తుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. వృత్తి శిక్షణకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపించే జర్మనీలో కూడా అప్రెంటిస్‌లను తీసుకునేది దాదాపు ఐదో వంతు సంస్థలే. అయినా అక్కడ వ్యవస్థ నిలబడటానికి కారణముంది. దాదాపు 330 వృత్తులకు ఏం నేర్పాలో యాజమాన్యాలూ కార్మిక సంఘాలూ కలిసి తేల్చుకుంటాయి, పరీక్షలు చాంబర్లు నిర్వహిస్తాయి, 1969 నుంచి వృత్తి శిక్షణ చట్టం దీనంతటికీ వెన్నెముకగా ఉంది. అక్కడి చాంబర్‌లో పనిచేసేవాళ్లకు లాబీయింగ్ ఎంత పనో, పరీక్షల నిర్వహణా అంత పని. నేర్పే బాధ్యత నెత్తిన ఉన్న సంఘం ఊరికే కొరత కొరత అని అరవలేదు.

రెండో దారి, సంస్థల నుంచి బలవంతంగా వసూలు చేయడం. బ్రిటన్ 2017 ఏప్రిల్‌లో అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను పెట్టింది. ఏడాదికి జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలు 0.5 శాతం కట్టాలి, ఆ డబ్బును శిక్షణకు వాడుకోవచ్చు, మొదట పెట్టిన రూలు ప్రకారం 24 నెలల్లో వాడకపోతే పోయేది. యాజమాన్యాల సంఘాలు మొదటి నుంచీ ఒకే పాట: నిబంధనలు బిగుతుగా ఉన్నాయి, ఇతర శిక్షణలకూ వాడుకోనివ్వండి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లెక్కలు చూడండి. ఇంగ్లండ్‌లో కొత్తగా చేరిన అప్రెంటిస్‌లు 2015–16లో దాదాపు 5 లక్షల 9 వేలు. 2017–18కి దాదాపు 3 లక్షల 76 వేలకు పడిపోయారు. ఎటూ కట్టిన డబ్బే కదా అని చాలా సంస్థలు దాన్ని అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల పై చదువులకు, మేనేజర్ల కోర్సులకు ఖర్చుపెట్టాయి. స్కూలు దాటి వచ్చిన పిల్లలకు మిగిలింది తగ్గింది. చివరికి 2026 జనవరి నుంచి మాస్టర్స్ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు ఆ నిధిని ప్రధానంగా 16 నుంచి 21 ఏళ్ల వారికే పరిమితం చేయాల్సి వచ్చింది. "వెసులుబాటు" అనే పదం మీ చేతి కిందికి ఎప్పుడు వచ్చినా, దాంతో లాభపడేది ఎవరో కాగితం మీద రాసుకుని చూడండి. నాకు ఆ పదం మీద ఉన్న అనుమానం ఇప్పటికీ పోలేదు.

జోస్యాల విషయంలో కూడా జాగ్రత్త పడాలి. బ్రిటన్‌లో 1999 ఏప్రిల్‌లో గంటకు 3.60 పౌండ్ల కనీస వేతనం పెట్టే ముందు లక్షల ఉద్యోగాలు పోతాయని గగ్గోలు పెట్టారు. అలా జరగలేదు. ఆ రేటును సిఫార్సు చేసే లో పే కమిషన్‌లో తొమ్మిది మంది ఉంటారు: ముగ్గురు యాజమాన్య నేపథ్యం వారు, ముగ్గురు కార్మిక పక్షం వారు, ముగ్గురు స్వతంత్ర సభ్యులు. ఒకే గదిలో, ఒకే లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడాల్సి రావడంతో పెద్ద మాటలు ఆడటం తగ్గింది. మీ చేత కూడా ఎప్పుడో ఒకప్పుడు "ఈ చట్టం వస్తే ఇన్ని ఉద్యోగాలు పోతాయి" అనే వాక్యం రాయిస్తారు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. జవాబు రాకపోతే అంకె తీసేయించండి. ఉద్యోగం మొదట్లోనే ఈ అలవాటు చేసుకుంటే తర్వాత ఎవరూ అడ్డు చెప్పరు, "ఆవిడ అంతే" అని ఊరుకుంటారు.

గెలిచిన లాబీయింగ్ కూడా ఎంత ఖాళీగా ఉంటుందో చూడాలంటే 2024 జులైలో కర్ణాటకలో జరిగింది గుర్తుచేసుకోండి. ప్రైవేటు సంస్థల్లో మేనేజ్‌మెంట్ కొలువుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే ఇవ్వాలన్న బిల్లుకు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ వంటివి బహిరంగంగా అభ్యంతరం చెప్పాయి. వారం తిరక్కుండానే బిల్లు పక్కన పెట్టేశారు. హరియాణాలో ఇలాంటి చట్టాన్ని పారిశ్రామిక సంఘాలు కోర్టుకెక్కించాయి, 2023 నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. లాబీయింగ్ లెక్కలో రెండూ పెద్ద విజయాలు. నాకూ ఆ కోటాలు సరైన మందు అనిపించలేదు. కానీ ఆ బిల్లులు ఎందుకు పుట్టాయో ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది: పక్కనే పరిశ్రమ ఉన్నా అక్కడి పిల్లలకు పని ఎందుకు దొరకడం లేదు? వద్దని చెప్పడంతో ఊరుకోకుండా, "కోటా బదులు మేం ఇది చేస్తాం, ఇంతమందిని తీసుకుని నేర్పిస్తాం" అని ఎదురు ప్రతిపాదన పెట్టగలిగే మనిషి ఇలాంటి బృందాల్లో అరుదు. ఎందుకంటే ఆ ప్రతిపాదన రాయాలంటే ఒక కుర్రాడికి మోటారు వైండింగ్ నేర్పడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో తెలియాలి. విధాన బృందాల్లో ఎక్కువమంది ఆ గది లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. మీ మాటకు విలువ ఉంటే అక్కడే ఉంటుంది. చక్కగా రాయగలవాళ్లు వాళ్లకు బోలెడంత మంది దొరుకుతారు.

అందుకని జవాబు చెప్పే ముందు మరోసారి మాట్లాడదామని అడగండి. ఇప్పటికే రమ్మన్నారు కాబట్టి ఇప్పుడు బేరం మీ చేతిలో ఉంది, మొహమాటపడకండి. గడిచిన రెండేళ్లలో సభ్యుల్లో ఎక్కువమందికి నచ్చని మాట సంఘం ఎప్పుడైనా బయటికి చెప్పిందా అని అడగండి. ఒక్క ఉదాహరణ చాలు. నీళ్లు నమిలితే మీకు అర్థమైపోతుంది. ముసాయిదాను చివరిసారి మార్చే అధికారం ఎవరిదో అడగండి, విధాన బృందం డైరెక్టర్‌దా, సభ్యత్వాలు చూసే విభాగానిదా? ఈ రెండో ప్రశ్నకు ఇంటర్వ్యూలో చాలామంది ఉలిక్కిపడతారు, ఎందుకంటే చందాలు వసూలు చేసే విభాగమే విధానం రాస్తుండటం ఈ సంఘాల్లో అందరికీ తెలిసిన బహిరంగ రహస్యం. సర్వే ప్రశ్నలు మార్చే స్వేచ్ఛ మీకు ఉంటుందా, ఎంతమంది జవాబిచ్చారో ప్రకటనలో వేస్తారా అని కూడా అడగండి. నెలకో రోజు శిక్షణ సంస్థలకో, షాప్ ఫ్లోర్‌కో వెళ్లే వీలు నియామక పత్రంలోనే రాయించుకోండి. నోటి మాటగా ఒప్పుకున్నది బడ్జెట్ సీజన్ రాగానే గాలికి పోతుంది.

జీతం గురించి ఒక ముక్క. ఎక్కువ జీతం కోసం వెళ్లడం తప్పేమీ కాదు. శిక్షకులకు మనం ఇచ్చేది ఎంతో అందరికీ తెలుసు. కానీ ఆ జీతానికి తగ్గట్టు ఇంటి అప్పు పెట్టుకోకండి. "ఈ వాక్యం మీద నేను సంతకం పెట్టను" అనగలిగే ధైర్యం సగం ఈఎంఐ మీదే ఆధారపడి ఉంటుంది.

వెనక్కి రావడానికి దారి ఉంటుందా అన్నారు. ఉంటుంది. బోధనకైతే ఇబ్బందే లేదు, మీ ట్రేడ్ మీద పట్టు తప్పకుండా చూసుకుంటే చాలు. రెండేళ్లు మీటర్ పట్టుకోని శిక్షకురాలిని పిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టేస్తారు. ప్రభుత్వంలోకో, కార్మిక సంఘాల పరిశోధన విభాగాల్లోకో వెళ్లాలంటే మాత్రం మీ పేరుతో బయటికి వెళ్లిన కాగితాలే మీకు సర్టిఫికెట్. పార్లమెంటరీ కమిటీలకు ఇచ్చే సాక్ష్యాలు చాలా దేశాల్లో బహిరంగంగా ఉంటాయి, పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి చదవొచ్చు. ఇందాక పుస్తకం పెట్టుకోమన్నది ఇందుకే. ఎవరితో ఏం మాట్లాడారో మీ దగ్గర రాసి ఉంటే, రేపు ఎవరు ఏ నింద వేసినా తేదీ చూపించి జవాబు చెప్పొచ్చు. కొన్ని దేశాల్లో ప్రభుత్వంలోంచి లాబీయింగ్‌కు వెళ్లడానికే అడ్డుకట్టలున్నాయి. కెనడాలో 2008 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు దిగాక ఐదేళ్లు లాబీయింగ్ చేయకూడదు. మీరు పోతున్నది ఆ దిశలో కాదు గానీ, తర్వాతెప్పుడో ప్రభుత్వంలో చేరి మళ్లీ ఇటు రావాలనుకుంటే ఇలాంటి రూళ్లు తగులుతాయి.

మీ స్నేహితురాలిని వదులుకోకండి. ఆమెతో మీకు పని పడుతుంది. పాఠ్యాంశాలు, పరీక్షలు, స్టైపెండ్ లాంటి విషయాల్లో యాజమాన్యాల సంఘం, కార్మిక సంఘం కలిసి ఒకే కాగితం ఇస్తే ప్రభుత్వం దాన్ని కాదనడం కష్టం. అటువైపు ఫోన్ ఎత్తేవాళ్లు ఒకరు ఉండటం ఈ ఉద్యోగంలో చిన్న విషయం కాదు. చేరినా ఆమెకు రహస్య కాగితాలు చూపించకండి, ఆమె కూడా అడగదు. బయటికి వచ్చిన కాగితాల మీద మాత్రం ఎంతైనా పోట్లాడుకోండి.

ఈ పది రోజుల్లో చేయాల్సింది ఇంకొకటుంది. ఆ సంఘం గత రెండు మూడేళ్లలో అప్రెంటిస్‌షిప్ మీదో, వృత్తి శిక్షణ మీదో ప్రభుత్వానికి ఇచ్చిన అభిప్రాయ పత్రాలు రెండు తెప్పించుకోండి. బహిరంగంగా లేకపోతే వాళ్లనే అడగండి, ఉద్యోగంలోకి రమ్మన్న మనిషికి ఇవ్వకపోతే అదీ ఒక జవాబే. ఒక్కో పత్రంలో పెన్సిలుతో రెండు రకాల గుర్తులు పెట్టండి. ప్రభుత్వం ఏం చేయాలో చెప్పిన వాక్యాలకు ఒక గుర్తు, తమ సభ్యులు ఏం చేస్తారో చెప్పిన వాక్యాలకు ఇంకో గుర్తు. రెండో రకం గుర్తు పది పేజీల్లో ఒక్కటి కూడా పడకపోతే, ఆ పత్రాన్ని మరోసారి మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టి, ఎందుకు లేదో అడగండి. వాళ్లు చెప్పేది విన్నాక జవాబు రాయండి.